చిన్ననాటి చందమామను వెతికి పట్టుకొని పదిలపరచుకోవడం ఎలా?

చిన్నప్పుడు చదివిన చందమామను మళ్ళీ చేతిలోకి తీసుకోవాలన్న కోరిక పుట్టగానే చాలామంది దొరికిన సంచికనల్లా కొనడం మొదలుపెడతారు. 1947 జూలైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైన ఈ పత్రిక, మధ్యలో కొంతకాలం ఆగినా, 2012 ప్రాంతం దాకా వచ్చింది. అంటే తెలుగులోనే ఏడు వందలకు పైగా సంచికలున్నాయి. వాటిలో మీ జ్ఞాపకంలో ఉన్నవి మహా అయితే కొన్ని పదులు. మిగిలినవి మంచివే కావచ్చు గాని, మీరు వెతుకుతున్నవి అవి కావు. కాబట్టి డబ్బు తీసే ముందు కాగితం, కలం తీయడం మంచిది.

ఆ కాగితం మీద కథల పేర్లు రాయనవసరం లేదు. పేర్లు ఎవరికీ సరిగ్గా గుర్తుండవు, గుర్తున్నాయనుకున్నవి కూడా తరచుగా తప్పుతాయి. గుర్తుండేవి బొమ్మలు. రెక్కల గుర్రమో, పుర్రె పట్టుకున్న మాంత్రికుడో, భుజాన శవంతో కత్తి దూసి నడిచే రాజో ఏ పేజీలో, ఏ మూల ఉన్నాడో కూడా కొందరు చెప్పగలరు. ఆ బొమ్మలను మాటల్లో రాసుకోండి. ఆ నెలల్లో నడుస్తున్న ధారావాహిక ఏమిటో, వెనక పేజీల్లో సాగుతున్న పురాణ గాథ రామాయణమో భారతమో, అట్ట మీద ఏ దృశ్యం ఉండేదో రాయండి. అప్పుడు మీరు ఏ తరగతిలో ఉన్నారో, ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఉన్నారో కూడా చేర్చండి. ధారావాహిక గుర్తుంటే సగం పని అయినట్టే. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటివి నెలనెలా తరువాయి భాగంగా వచ్చాయి గనుక, ఒక్క భాగం దొరికితే దాని ముందు వెనకల సంచికలను లెక్క కట్టవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మీరు 1975లో చదివారు గనుక అది 1975 నాటి సంచికే అయివుంటుందని అనుకోవద్దు. చందమామను కొన్న ఇళ్ళలో చాలావాటికి ఏడాదికో, ఆరు నెలలకో ఒక బైండు చేయించే అలవాటు ఉండేది. ఆ బైండ్లు పెద్దక్క నుంచి చిన్నతమ్ముడికి, పక్కింటి నుంచి మనింటికి తిరుగుతూ పది పదిహేనేళ్ళు బతికేవి. దానికి తోడు పత్రిక కూడా పాత ధారావాహికలను తరవాతి దశాబ్దాల్లో మళ్ళీ వేసింది. అందువల్ల వెతికే కాలాన్ని మీరు చదివిన ఏటి నుంచి వెనక్కి ఒక దశాబ్దం దాకా సాగదీయండి. బొమ్మ రంగుల్లో గుర్తుందా, ఒకటి రెండు రంగుల్లో గుర్తుందా అన్నది అసలు ప్రచురణను పునఃప్రచురణ నుంచి వేరు చేయడానికి కొంత పనికొస్తుంది గాని, జ్ఞాపకం తనంతట తాను రంగులు పూయగలదు కాబట్టి దాన్నే నమ్ముకోకూడదు.

బొమ్మ గీసిన చేతిని గుర్తుపట్టడం అంతకంటె నమ్మకమైన దారి. చందమామ చిత్రకారుల్లో చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య అనే ముగ్గురిని వేరు చేయగలిగితే వెతుకులాట చాలా సులువవుతుంది. టి.వి. రాఘవన్ 'చిత్ర' పేరుతో తొలి రోజుల నుంచీ గీశారు. ధారావాహికల్లోని రాక్షసులు, వింత జంతువులు, కొండలు, కోటలు అనగానే కళ్ళ ముందు కదిలేవి ఎక్కువగా ఆయన గీతలే. మద్రాసు కళాశాలలో చిత్రకళ నేర్చుకున్న కె.సి. శివశంకరన్, అంటే శంకర్, 1952లో చేరారు. గోపురాల మీది శిల్పం, నగల మీది చెక్కుడు, గుర్రం జీను మీది కుట్టు కూడా వదలకుండా గీయడం ఆయన పద్ధతి. విక్రమార్కుడి భుజం మీద బేతాళుడి బొమ్మతో ఆయన పేరు శాశ్వతంగా ముడిపడిపోయింది. 'వపా' అని సంతకం చేసే వడ్డాది పాపయ్యను చెప్పి గుర్తించాల్సిన అవసరం లేదు. నీటిలో కరిగినట్టుండే ఆ రంగులు, ఆ కళ్ళు మరొకరివి కావు. అట్టబొమ్మ మాత్రమే గుర్తున్నవారు మొదట అది వపాదా, మహాభారత దృశ్యాలను వేసిన ఎం.టి.వి. ఆచార్యదా అని తేల్చుకుంటే వెతకాల్సిన ఏళ్ళు బాగా తగ్గిపోతాయి.

ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు మొదటి జవాబు చుట్టాల ఇళ్ళ అటకలు. పెదనాన్నగారి ట్రంకు పెట్టెలోనో, అమ్మమ్మగారి ఊళ్ళో మూసి ఉన్న గదిలోనో ఉన్న బైండ్లు, పాత సామాను వాడు బండి ఆపిన రోజున కిలోల లెక్కన వెళ్ళిపోతాయి. కనుక అడగదలచుకున్నవారిని ఇవాళే అడగండి. తరువాత హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారంనాడు రోడ్డు పక్కన పరిచే పుస్తకాలు ఉన్నాయి. అక్కడ ఉదయాన్నే వెళ్ళినవారికీ, రెండు మూడు నెలలు వరసగా వెళ్ళి అమ్మేవారితో ముఖ పరిచయం పెంచుకున్నవారికీ దొరికే సరుకు వేరుగా ఉంటుంది. కొనాలని కాక చదవాలని మాత్రమే ఉంటే గ్రంథాలయాలు ఉండనే ఉన్నాయి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను పదిలపరచడంలో పేరు పొందింది. హైదరాబాదు సుల్తాన్ బజారులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. వెళ్ళే ముందు ఉత్తరమో ఫోనో చేసి, ఏ ఏళ్ళ సంచికలు ఉన్నాయో కనుక్కుని బయలుదేరితే ప్రయాణం వృథా కాదు.

కొట్టు ముందు నిలబడి సంచికను పరీక్షించేటప్పుడు అట్ట అందానికి లొంగిపోకూడదు. ముందు నడిమధ్య పేజీలు ఉన్నాయో లేదో చూడండి. పిన్ను తుప్పుపట్టిన సంచికల్లో మొట్టమొదట ఊడిపోయేవి అవే. తరువాత పేజీ అంకెలు వరసగా ఉన్నాయా, బొమ్మలు కత్తిరించారా, కూపన్లు చింపారా అని చూడాలి. బైండు అయితే అట్టలు లోపల ఉంచారా, పారేశారా అన్నది అడగకుండానే తిప్పి చూసుకోండి. బైండర్లు చాలామంది అట్టలనూ ప్రకటనల పేజీలనూ తీసేసి, మూడు వైపులా అంచులు కోసి బైండు చేసేవారు. నా దృష్టిలో అట్టలు లేని మంచి బైండు కన్నా, అట్ట సగం చిరిగినా అన్ని పేజీలూ ఉన్న విడి సంచిక విలువైనది. బిస్కట్ల ప్రకటన, సబ్బు ప్రకటన, పోటీ ప్రకటన కూడా మనం ఆనాడు చదివిన చందమామలో భాగాలే. కథలు మాత్రమే కావాలంటే సంకలనాలు చాలు. పిల్లల చేతిరాతలు, క్రేయాను గీతలు ఉన్న సంచికను తిరస్కరించవద్దు. ఆ గీతలను చెరపడానికి అసలే ప్రయత్నించవద్దు.

అట్ట పోయి, తేదీ లేని సంచిక దొరికిందనుకోండి. దాని కాలం తేల్చే ఆధారాలు లోపలే ఉంటాయి. వెల అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్ 1కి ముందుదనో, ఆ మార్పు నాటిదనో అనుకోవచ్చు, ఎందుకంటే ఆ రోజే దశాంశ నాణేలు వచ్చాయి. నయాపైసలు అని ఉంటే 1957 నుంచి 1964 మధ్యది. 1964 జూన్ నుంచి 'నయా' అన్న మాట తొలగి పైసలు మిగిలాయి. చిరునామాల్లో 'మద్రాసు-26' అని మాత్రమే ఉంటే పిన్‌కోడు రాకముందుది కావచ్చు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది గనుక 'మద్రాసు-600 026' అని కనిపిస్తే తప్పకుండా ఆ తరువాతిదే. చెన్నై అని ఉంటే 1996లో నగరం పేరు మారిన తరువాతిది. ముద్రణ వివరాల వరసలో బి.ఎన్.కె. ప్రెస్ అని ఉందా, ప్రసాద్ ప్రాసెస్ అని ఉందా అన్నది తేదీ తెలిసిన మరో సంచికతో పోల్చుకోవడానికి ఉపకరిస్తుంది. సంపాదకుడిగా చక్రపాణి పేరు చూసి తొందరపడి నిర్ణయం చేయకండి గాని, ఆయన 1975 సెప్టెంబరు 24న మరణించారన్నది ఒక హద్దురాయి. 1952 నుంచి పత్రిక భాషను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పేరు మాత్రం ఇలాంటి చోట్ల వెతికితే దొరకదు. ఆయన పని ఆ వాక్యాల పొందికలోనే కనిపిస్తుంది.

వీటన్నిటికన్నా సూటి ఆధారం ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ. రెండు ఫోటోలు ఇచ్చి, వాటికి తగిన వ్యాఖ్యలు ఏ తేదీ లోపల చేరాలో, ఫలితం ఏ నెల సంచికలో వస్తుందో అక్కడే అచ్చువేసేవారు. ఆ ఒక్క పేజీ మిగిలి ఉంటే సంచిక నెల, సంవత్సరం తెలిసిపోయినట్టే. తేలిన తేదీని సంచిక మీద కలంతో రాయకండి. మెత్తని పెన్సిలుతో వెనక లోపలి అంచున చిన్నగా రాయండి, లేదా ఒక చీటీ మీద రాసి కవరులో పెట్టండి.

ఇంటికి తెచ్చిన సంచికను తిన్నగా మిగతావాటి పక్కన పెట్టడం ప్రమాదం. పాత కాగితంతో వెండిపురుగులు, వాటి గుడ్లు, ఒక్కోసారి చెదలు వస్తాయి. కొత్తగా వచ్చినవాటిని కొన్ని వారాలు వేరే గదిలో, తెల్లకాగితం మీద పెట్టి ఉంచండి. కాగితం మీద పొడి రాలినా, చిన్న నల్ల గింజల్లాంటివి కనిపించినా పురుగు ఉన్నట్టే. అప్పుడు సంచికను గట్టిగా మూసిన పాలిథిన్ సంచిలో పెట్టి, మామూలు ఇంటి ఫ్రీజరులో, అంటే సుమారు సున్నాకు 18 డిగ్రీల దిగువన, రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పవద్దు. విప్పితే చల్లటి కాగితం మీద గాలిలోని తేమ చేరి బొమ్మల రంగులు పాడవుతాయి. పురుగుల కోసం ఎండబెట్టే అలవాటు మన పెద్దల కాలం నుంచి ఉంది గాని, అచ్చు కాగితానికి ఎండ పురుగంత శత్రువు. కట్టె గుజ్జుతో చేసిన చవక కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. అది వెలుతురు, గాలి తగిలినకొద్దీ పసుపెక్కుతుంది, కాగితంలో ఆమ్లం పెరుగుతుంది, మడత పెట్టిన చోటల్లా విరిగిపోతుంది. దుమ్ము దులపాలంటే నీడలో, గాలి ఆడే చోట, మెత్తని పొడి కుంచెతో వెన్ను నుంచి అంచు వైపు దులపండి. తడిగుడ్డ ముట్టించకండి.

తరువాతి పని పిన్నులు. తుప్పు మరక కాగితంలోకి దిగి చిల్లు పెట్టకముందే వాటిని తీసేయాలి. సంచికను నడిమధ్యకు తెరిచి, పిన్ను కాళ్ళను పలచని, మొద్దు అంచున్న చాకుతో నిదానంగా నిలబెట్టి, వెన్ను వైపు నుంచి లాగండి. కాగితం పిన్నుకు అతుక్కుని ఉంటే బలవంతం చేయకుండా, పిన్నునే చిన్న కటింగ్ ప్లయరుతో తుంచి తీయవచ్చు. ఆ రంధ్రాల్లోంచే నూలు దారంతో ఒక్క కుట్టు వేసి లోపలి వైపు ముడి వేస్తే సంచిక మళ్ళీ నిలుస్తుంది.

చిరుగులకు సెల్లోటేపు అంటించడమంత హాని మరొకటి లేదు. కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం గోధుమరంగు మరకగా కాగితంలో ఇంకి, అచ్చును కూడా కరిగిస్తుంది. లామినేషను అంతకన్నా దారుణం, ఎందుకంటే దాన్ని వెనక్కి తీయడం సాధ్యం కాదు. బాగుచేసే పనిలో సూత్రం ఒక్కటే: రేపు ఇంకొకరు విప్పదలచుకుంటే విప్పగలిగేటట్టు ఉండాలి. అందుకు జపాను పద్ధతిలో చేసిన పొడవు పీచు పలచని కాగితం, గోధుమ గంజి పొడితో వండిన బంక చాలు. పొడిని ఒక వంతుకు నాలుగైదు వంతుల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద ఆపకుండా తిప్పుతూ, పాలతెలుపు తగ్గి, చిక్కబడి, కొంత పారదర్శకంగా కనిపించే దాకా అరగంట వండండి. చల్లారాక పలచని బట్టలో వడకట్టండి. మన బైండర్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం వేస్తారు. గట్టి అట్టకు అది చెల్లుతుందేమో గాని, ఇంత బలహీనమైన కాగితానికి వద్దు. రాగి లవణం కాలక్రమంలో కాగితాన్ని తినేస్తుంది. తుత్తం లేని బంక ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులే నిలుస్తుంది కనుక కావలసినంతే వండుకోండి.

అతికే కాగితాన్ని కత్తెరతో కత్తిరించకండి. తడి కుంచెతో గీత గీసి, ఆ గీత వెంట మెల్లగా లాగితే అంచులో పీచులు మిగులుతాయి. అవే అతుకును కనపడకుండా కలుపుతాయి. బంకను చాలా తక్కువగా, ఆ పీచు కాగితానికే రాసి, చిరుగు మీద ఉంచి, పైనా కిందా బంక అంటుకోని బటర్ పేపరు పెట్టి, దాని మీద పీల్చే కాగితం, ఆ పైన బరువు ఉంచి రాత్రంతా వదిలేయండి. తడి ఎక్కువైతే పేజీ అలలు తేలుతుంది. మొదటి అతుకు చందమామ మీద వేయకండి. ఆ కాలపు పాత కాగితం ఏదైనా తెచ్చి చెయ్యి కుదిరేదాకా దాని మీద సాధన చేయండి.

బైండు సంగతిలో నా సలహా, ఇప్పటికే బైండుగా ఉండి చక్కగా తెరుచుకుంటున్నదాన్ని విప్పకూడదని, విడి సంచికలను కొత్తగా బైండు చేయించకూడదని. తప్పనిసరి అయితే అంచులు కోయవద్దని, అట్టలూ ప్రకటనలూ తీయవద్దని, పక్క నుంచి పొడిచి కుట్టకుండా ప్రతి సంచిక మడతలోంచే కుట్టాలని బైండరుకు ముందే చెప్పి, చీటీ కూడా రాసివ్వండి. పని బాగా తెలిసినవాడు ఈ మాట విని నొచ్చుకోడు.

విడి సంచికలను ఏడాదికొక అట్టపెట్టెలో పడుకోబెట్టి, పెట్టె మీద సంవత్సరం రాయండి. బీరువాను బయటి గోడకు ఆనించవద్దు, వానాకాలంలో ఆ గోడే చెమ్మ తెస్తుంది. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది కాబట్టి, అటక మీదా రేకుల కప్పు కిందా దాచడం కన్నా మనుషులు తిరిగే గదిలో ఉంచడమే మేలు. వేపాకు పెట్టేవారు దాన్ని పేజీల మధ్య కాక బీరువా అరలో, గుడ్డ మూటలో పెట్టాలి, లేకుంటే ఆకు మరక పడుతుంది. కలరా ఉండలు పిల్లల చేతికి వచ్చే పుస్తకాలకు తగవు.

తరచుగా చదివే సంచికలను స్కాను చేసి పెట్టుకుంటే అసలు ప్రతి అరగదు. అక్షరాల పేజీలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) చాలు గాని, బొమ్మల పేజీలకు 600 పెట్టండి. పలచని కాగితంలో వెనక పేజీ అచ్చు తొంగిచూస్తుంది. స్కాను చేసే పేజీ వెనక నల్లకాగితం ఉంచితే ఆ నీడ చాలావరకు పోతుంది. బైండును స్కానరు గాజు మీద బోర్లా నొక్కితే వెన్ను విరుగుతుంది కాబట్టి, దాన్ని సగం తెరిచి, రెండు వైపులా దీపాలు పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోనుతో పైనుంచి తీయడం మంచిది. ఫైళ్ళకు సంవత్సరం, నెల, పేజీ అన్న వరసలో పేరు పెట్టండి. పసుపుదనం పోగొట్టడానికి రంగులు మార్చాలనిపిస్తే అసలు ఫైలును అలాగే ఉంచి నకలు మీద మార్చండి. మీ చదువు కోసం నకలు తీసుకోవడం ఒకటి, అందరికీ పంచడం మరొకటి. మన దేశపు 1957 నాటి చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళ దాకా కాపీహక్కు ఉంటుంది. కుటుంబరావు 1980 ఆగస్టు 17న మరణించారు గనుక ఆయన రచనల మీద అది 2040 చివరిదాకా ఉంటుంది. 2007లో పత్రిక యాజమాన్యం జియోడెసిక్ అనే ముంబై కంపెనీ చేతికి వెళ్ళడం వల్ల, పత్రిక ఆగిపోవడం వల్ల ఆ హక్కు రద్దు కాలేదు.

ఇన్ని జాగ్రత్తలూ చదవడానికే గనుక ఏడాదిలో ఒకసారైనా పెట్టెలు తెరిచి, ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. తెలుగు చదవడం రాని పిల్లలకు బేతాళ కథతో మొదలుపెట్టడం తేలిక. బేతాళుడు ప్రశ్న అడిగిన చోట ఆపి, చేతితో కింది పేరా మూసి, విక్రమార్కుడు నోరు విప్పకముందే వాళ్ళ జవాబు వినండి. తరచుగా వాళ్ళ న్యాయం రాజుగారి న్యాయంతో కలవదు, ఆ వాదన కథకన్నా ఎక్కువసేపు నడుస్తుంది. ఫోటో వ్యాఖ్యల పోటీని కూడా ఇలాగే ఆడవచ్చు. ఒక సంచికలోని రెండు ఫోటోలు చూపించి ఇంటిల్లిపాదీ తలొక జత వ్యాఖ్య రాసి మడిచి పెట్టండి, తరువాత ఫలితం వచ్చిన సంచిక తీసి బహుమతి పొందిన వ్యాఖ్యతో పోల్చండి. ఇందుకు వరస సంచికలు కావాలి, కాబట్టి మీ చిట్టాలో ఏ నెలలు కొరవడ్డాయో విడిగా రాసి, ఆ చీటీ జేబులో పెట్టుకునే ఆబిడ్స్‌కు వెళ్ళండి.